మూడున్నరకు మొరాయించే మౌస్

పోయిన నెల మా అపార్ట్‌మెంట్ వాళ్ళ ఫోన్ గ్రూపులో ఎవరో ఒక కథ పంపారు. ఎక్కడో చలిదేశంలో ఒక ఆఫీసు. అక్కడ ఒక కంప్యూటర్ మౌస్ రోజూ ఒకే వేళకు మొండికేసేదట. ఎంతమంది చూసినా అంతు చిక్కలేదట. చివరికి ఒక తెలివైన ఇంజినీరు వచ్చి, కుర్చీలో ఊరికే కూర్చుని, జబ్బేమిటో కనిపెట్టేశాడట. కథ కింద చప్పట్ల బొమ్మలు వరసకట్టాయి. మూడో అంతస్తులో ఉండే సాఫ్ట్‌వేర్ అబ్బాయి లిఫ్టులో కనబడి, "అంకుల్, మీరూ పాతకాలం సిస్టమ్స్ వాళ్ళే కదా, చదివారా? ఏం బుర్ర అంకుల్ ఆయనది!" అన్నాడు.

"చదివాన్లే" అన్నాను. లిఫ్టులో అంతకన్నా ఏం చెబుతాం? ఆ కథ మొదట రాసింది నేనే. అది జరిగింది చలిదేశంలో కాదు, సికింద్రాబాద్‌లో. ఆ ఇంజినీరు నేనే అనుకోండి, కానీ ఆ బుర్ర నాది కాదు. అది ఎవరిదో చెప్పడానికే ఇది రాస్తున్నాను. ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్న పిల్లలు చదివితే చాలు. మా ఈడు వాళ్ళు చదివినా పెద్ద లాభం లేదు, చేయాల్సిన తప్పులన్నీ చేసి పింఛను పుచ్చుకుంటున్నారు.

ఐటీ జోరు మీదున్న రోజులవి. సికింద్రాబాద్‌లో ఏ మేడ మెట్లెక్కినా కంప్యూటర్ నేర్పుతామనే బోర్డు కనబడేది. బట్టలకొట్టు ఖాళీ చేసిన గదిలో పది మానిటర్లు పెట్టి దాన్ని కంపెనీ అనేవారు. మాది దానికంటే కొంచెం పెద్దది, రెండు అంతస్తులు. విదేశాల్లో డాక్టర్లు రోగిని చూశాక చెప్పే మాటలు రికార్డయి మా దగ్గరికి వచ్చేవి. మావాళ్ళు హెడ్‌ఫోన్లు తగిలించుకుని అవి విని, రిపోర్టులుగా టైపు చేసి, తిరిగి పంపేవారు. నేను సిస్టమ్స్ ఇన్‌చార్జిని. నా కింద ఒక్కడే టెక్నీషియన్. రెజిమెంటల్ బజార్‌లో పుట్టి పెరిగిన మనిషి, నా ఈడువాడే, అయినా నన్ను అన్నా అనేవాడు.

ఇంటర్నెట్ అంటే ఇప్పుడు మీకు పంపు నీళ్ళు. అప్పుడు మా ఆఫీసు మొత్తానికి నా గదిలో రెండు మిషన్లకే ఉండేది. మిగతావాళ్ళకు లోపలి మెయిలు తప్ప బయటి లోకం లేదు. అందుకని రోజూ పొద్దున పదింటికి నేనో మెయిలు పంపేవాణ్ణి. దాని పేరు 'నేటి వింత'. ఎవరో తన చేపల తొట్టి ముందు కెమెరా పెట్టి నిమిషానికో బొమ్మ లోకానికి చూపిస్తున్నాడని, ఇంకెవరో అక్షరాలూ చుక్కలూ తప్ప ఏమీ వాడకుండా ఏనుగు బొమ్మ వేశాడని, నొక్కితే ఏమీ జరగని బటన్ ఒకటి ఉందని, దాన్ని నొక్కడానికి జనం క్యూ కడుతున్నారని. నవ్వులూ ఉండేవి, తెలివితేటలూ ఉండేవి. పదీ అయిదుకి హాల్లో ఒక మూల నుంచి నవ్వు మొదలై ఇంకో మూలకు పాకేది. నా గదిలో కూర్చుని అది వినేవాణ్ణి. నిజం చెబుతున్నాను, నా జీతం కన్నా ఆ నవ్వు నాకు ఇష్టంగా ఉండేది. అక్కడే దెబ్బతిన్నాను.

మా ఇంకో పద్ధతి చెప్పాలి. నా గది బయట ఒక బల్ల, దాని మీద పొడుగాటి ఫిర్యాదుల రిజిస్టరు, దానికి దారంతో కట్టిన పెన్ను. ఎవరి మిషనుకు ఏ తెగులొచ్చినా అందులో రాయాలి. మధ్యాహ్నాలు మేము డాక్టర్ల రికార్డులు దించుకునే హడావిడిలో ఉండేవాళ్ళం. కాబట్టి ఈరోజు రాసినవి రేపు పొద్దున చూసేవాళ్ళం. చూసి, ఎదురుగా 'సరిచేశాం' అనో 'లోపం లేదు' అనో రాసి సంతకం పెట్టేవాణ్ణి. ఈ పద్ధతి పెట్టింది నేనే. ఇంత క్రమశిక్షణ ఇంకే కంపెనీలోనూ లేదని మా మేనేజర్ వచ్చినవాళ్ళందరికీ చూపించేవారు.

మా హాల్లో అందరికన్నా పెద్దావిడ ఒకరుండేవారు. వయసు నలభై అయిదు దాటింది. విజయనగరం వైపు వాళ్ళు, కాప్రాలో ఉండేవారు. ఒక లాయరుగారి దగ్గర ఏళ్ళ తరబడి టైపిస్టుగా చేశారు. లాయరుగారు పోయారు, ఆఫీసు మూతపడింది. అంతకు ముందే భర్త పనిచేసే ఫ్యాక్టరీకి తాళం పడింది. కూతురు డిగ్రీ చదువుతోంది. ఆరు నెలల ప్రొబేషన్ గట్టెక్కి ఈ ఉద్యోగం పర్మనెంట్ అయితేనే పిల్ల చదువు సాగుతుందని ఆవిడే క్యాంటీన్‌లో చెప్పేవారు. దాచుకునే రకం కాదు. టైపింగులో ఆవిడ దరిదాపుకు వచ్చేవాళ్ళు లేరు. కీబోర్డు మీద వేళ్ళు పెడితే వాన కురిసినట్టుండేది. మౌస్ మాత్రం కొత్త. దాన్ని చూపుడువేలితో తడిమి తడిమి, వేడి గిన్నె పట్టుకున్నట్టు పట్టుకునేవారు.

పెద్దావిడ కదా అని తూర్పు కిటికీ పక్క సీటు ఇచ్చారు. పొద్దుటి ఎండకు తెర ఉండేది, పదకొండు దాటాక తీసేసేవారు. రోడ్డుకు అవతల ఒక కొత్త బిల్డింగు లేస్తోంది. దసరా వెళ్ళేసరికి దానికి నిలువెల్లా అద్దాలు బిగించారు. మేమంతా టీ గ్లాసులు పట్టుకుని ఆ అద్దాల్లో మా బిల్డింగును చూసుకుని మురిసిపోయేవాళ్ళం.

ఆ తర్వాత కొన్నాళ్ళకే రిజిస్టరులో ఆవిడ మొదటి ఫిర్యాదు. 'మధ్యాహ్నం మూడున్నరకు మౌస్ పనిచేయుట లేదు.' మర్నాడు పొద్దున వెళ్ళి చూశాను. శుభ్రంగా పనిచేస్తోంది. లోపలి బంతి తీసి, తుడిచి, పెట్టాను. 'లోపం లేదు', సంతకం. నాలుగు రోజులకు రెండో ఫిర్యాదు. ఈసారి మౌసే మార్చాను. పాతదీ కొత్తదీ ఒకే పెట్టెలోంచి వచ్చినవే, టోకున కొన్న చవక సరుకు, పల్చటి తెల్ల ప్లాస్టిక్కు. మళ్ళీ 'లోపం లేదు'.

మూడోసారి ఆవిడ రిజిస్టరులో రాసి ఊరుకోలేదు. నా గదికి వచ్చారు.

"సార్, మూడున్నర అయ్యేసరికి బాణంగుర్తు ఓ చోట నిలబడిపోతాదండి. లేపోతే గంతులేస్తాది. ఓ ఇరవై నిముషాలుండి మళ్ళీ దాని దారికి అదే వచ్చేస్తాది. మబ్బు పట్టిన రోజు ఏటీ అవదండి. ఇంకో సంగతి, దాని మీద కొంగు కప్పితే బాగానే నడుస్తాది."

నేను నవ్వు ఆపుకున్నాను. మా టెక్నీషియన్ ఆపుకోలేదు. "ఏందమ్మా, గా మౌసు రాహుకాలం పాటిస్తదా?" అన్నాడు.

"రాహుకాలం రోజుకో వేళకొస్తాది కదండీ. ఇది రోజూ ఒకే వేళకొస్తాది" అన్నారావిడ, ఏమాత్రం నొచ్చుకోకుండా. "మొన్న సార్ పంపిన తలుపు కథ చదివేను. అందుకే అన్నీ గమనించి మరీ రాసేను."

తలుపు కథ ఏమిటంటే, అంతకు ముందు వారం నేను పంపిన 'నేటి వింత'. ఒక ఊళ్ళో దానంతటదే తెరుచుకునే తలుపు ఒకటి ఒక ముసలాయనకు మాత్రం తెరుచుకునేది కాదట. ఆయన చెబితే అందరూ నవ్వారట. తీరా చూస్తే ఆయన వేసుకునే నల్ల ఉన్ని కోటు తలుపు కన్నుకు కనబడటం లేదట. దాని కింద నేను నీతి కూడా రాశాను, 'ఫిర్యాదు వింతగా ఉందంటే అందులో నిజం ఉందన్నమాట' అని. రాసిన చేత్తోనే ఆవిడ ఫిర్యాదు ఎదురుగా మూడోసారి 'లోపం లేదు' అని రాశాను.

ఆవిడ వెళ్ళాక మా టెక్నీషియన్ కాసేపు ఆలోచించి, "అన్నా, మనం దినాం పొద్దుగాల్నే చూస్తున్నం. జెర మూడున్నరకు పోయి ఆడ కూసుంటే ఏమైతది?" అన్నాడు.

"రికార్డులు దించుకునే టైములో ఆ కొంగు భాగోతం చూడ్డానికి పోతామా?" అన్నాను.

"గది సుత కరెక్టే" అన్నాడు పాపం. నా మాట వినడమే అతని తప్పు.

సిస్టమ్స్ పని చేసేవాళ్ళు తమ దగ్గరికొచ్చే తింగరి ఫిర్యాదులు చెప్పుకుని నవ్వుకునే సైటు ఒకటుండేది. అక్కడ నాకో మారుపేరు. ఆ మధ్యాహ్నమే కూర్చుని రాశాను. 'మా ఆఫీసులో ఒక మౌస్‌కి సిగ్గెక్కువ. మూడున్నరకు ఘోషా పాటిస్తుంది. మేడమ్‌గారు కొంగు కప్పితే గానీ అడుగు తీసి అడుగు వేయదు. మబ్బు రోజుల్లో మాత్రం ముసుగు తీసేస్తుంది, ఎవరూ చూడరని ధైర్యం కాబోలు.' ఇంగ్లీషులో ఇంకా చమత్కారంగానే కుదిరింది. పేజీల కొద్దీ మెచ్చుకోళ్ళు. పొట్ట చెక్కలయ్యిందని ఏ ఖండాలవాళ్ళో రాస్తుంటే నేను ఒక్కొక్కటీ రెండుసార్లు చదువుకున్నాను.

పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అంటారు. ఆ సామెత నాకోసమే పుట్టిందని అప్పుడు తెలియలేదు.

మూడు వారాలు తిరక్కుండా ఆ జోకు లోకమంతా చుట్టి మా ఆఫీసుకే వచ్చింది. ఎవరో స్నేహితుడు బయట నెట్ సెంటర్లో ప్రింటు తీసి ఇస్తే మావాళ్ళలో ఒకడు తెచ్చి క్యాంటీన్ గోడకు అంటించాడు. కొంగు పోయి శాలువా అయింది, సికింద్రాబాద్ పోయి ఏదో మంచు కురిసే ఊరయింది, ఆవిడ వయసు డెబ్భై అయింది. కానీ మూడున్నరా మబ్బూ అలాగే ఉన్నాయి. అది ఎవరి గురించో హాల్లో ఎవరికీ చెప్పాల్సిన అవసరం లేకపోయింది. ఆ రోజు నుంచి ఆవిడ ఘోషా ఆంటీ అయ్యారు. మూడున్నర కాగానే ఎవడో ఒకడు దగ్గేవాడు. మిగతావాళ్ళు మానిటర్ల వెనక తలలు దించుకుని నవ్వేవాళ్ళు.

ఆవిడ ఆ కాగితం గోడ మీంచి తీసుకుని నా దగ్గరికి వచ్చారు.

"ఇది మీరే రాసేరా సార్?"

నా జీవితంలో నిజం చెప్పడానికి అంత సులువైన అవకాశం మళ్ళీ రాలేదు. గదిలో మేమిద్దరమే ఉన్నాం. ఆవిడ గొంతులో కోపం కూడా లేదు.

"అబ్బే, లేదండీ. ప్రపంచంలో ఇలాంటివి ఎన్నో జరుగుతుంటాయి" అన్నాను.

ఆవిడ నా ముఖంలోకి ఒక క్షణం చూసి, "అయితే ఇంకోచోట కూడా ఇలగే అయిందన్నమాట. దీనికి మందేటో వాళ్ళేమైనా రాసేరాండీ?" అని అడిగారు.

రాయలేదని చెప్పాను. ఆ తర్వాత ఆవిడ రిజిస్టరులో ఏమీ రాయలేదు. మూడున్నరకు కొంగు కప్పడం మాత్రం మానలేదు, పని జరగాలి కదా. ఎవరూ చూడకుండా, చెమట తుడుచుకుంటున్నట్టు తీసి కప్పేవారట. అది నాకు తర్వాత తెలిసింది.

ఆవిడ ప్రొబేషన్ ఇంకో పది రోజుల్లో పూర్తవుతుందనగా, మాకు పని ఇచ్చే విదేశీ కంపెనీ నుంచి ఒకాయన ఆఫీసు చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. మేనేజర్‌కు ఒకటే కంగారు. బల్లల మీద టిఫిన్ డబ్బాలు కనబడకూడదు, గోడల మీద జోకులు ఉండకూడదు. చివర్లో అందరి ముందూ ఆవిడతో, "మేడమ్, ప్లీజ్, రేపు ఆ కొంగు వ్యవహారం మాత్రం వద్దు. ఆయన చూస్తే మన గురించి ఏమనుకుంటాడు?" అన్నారు. అందరూ నవ్వారు. ఆవిడ తలూపారు. నేను కూడా నవ్వాను, కొంచెం తక్కువగా.

మర్నాడు విజిటరు పొద్దున్నే వస్తాడనుకుంటే మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చాడు. సర్వర్ గది చూశాడు, రిజిస్టరు చూసి మెచ్చుకున్నాడు. హాల్లో ఒక్కొక్క సీటు వెనకా నిలబడి పని చూస్తూ వచ్చాడు. తూర్పు కిటికీ దగ్గరికి వచ్చేసరికి గోడ గడియారం మూడున్నర దాటింది. నేను ఆయన పక్కనే ఉన్నాను.

ఆవిడ ఒక రిపోర్టు పూర్తి చేశారు. తెర మీద వరసగా ఉన్న పేషెంట్ల నంబర్లలో దాని నంబరు వెతికి, దానికి జతచేసి, పంపాలి. అది మౌస్‌తోనే చేయాలి. బాణం కదల్లేదు. ఆవిడ చెయ్యి భుజం మీదికి, కొంగు దాకా వెళ్ళింది. హాల్లో ఎవడో దగ్గాడు. ఎక్కడో కిసుక్కుమన్నారు. ఆవిడ నా వైపు చూశారు. మేనేజర్ వైపు కాదు, నా వైపు. నేను చూపు తిప్పుకుని విజిటరుకు ఏదో కేబుల్ గురించి చెప్పడం మొదలుపెట్టాను. ఆవిడ చెయ్యి కిందికి దిగింది. బాణం ఒక్క గంతు వేసింది, ఆవిడ వేలు నొక్కేసింది.

ఒకరి రిపోర్టు ఇంకొకరి నంబరు మీద వెళ్ళిపోయింది. "అయ్యో, అయ్యో" అని ఆవిడ లేచి నిలబడ్డారు. అక్కడి వాళ్ళు చూసుకుని ఆపేశారు కాబట్టి రోగులకు ఏమీ కాలేదు. కానీ మా పనిలో అంతకు మించిన తప్పు లేదు. అదీ వచ్చిన మనిషి కళ్ళెదుటే.

సాయంత్రం మేనేజర్ నన్ను పిలిచారు. ఎదురు కుర్చీలో ఆవిడ ఉన్నారు.

"మౌస్ ప్రాబ్లమ్ అంటున్నారీవిడ. ఒక్క మాట చెప్పండి. సిస్టమ్‌లో ఫాల్ట్ ఉందా, లేదా? ఉందంటే నేను క్లయింట్‌కి అలాగే రాస్తాను. ఈవిడ మీద యాక్షన్ ఉండదు."

ఆయన చెడ్డ మనిషి కాదు, చూశారా. తలుపు తెరిచే ఉంచారు. కానీ ఉందంటే రిజిస్టరులో మూడు చోట్ల నా సంతకం ఏమవుతుంది? మధ్యాహ్నం ఆ విజిటరు మెచ్చుకున్నది ఆ రిజిస్టరునే. తెలియదు, చూడాలి అనైనా అనొచ్చు. అది కూడా అనలేదు.

"మూడుసార్లు చెక్ చేశాం సార్. లోపం లేదు. రిజిస్టరు ఉంది, చూడండి" అన్నాను.

ఆవిడ టిఫిన్ డబ్బా ఉన్న బుట్ట తీసుకుని వెళ్ళిపోయారు. ప్రొబేషన్ సంతృప్తికరంగా లేదని మర్నాడు కాగితం ఇచ్చారు.

ఆ సీటు ఒక బీటెక్ కుర్రాడికి ఇచ్చారు. వారం తిరక్కుండా రిజిస్టరులో రాశాడు, 'మధ్యాహ్నం మూడున్నరకు మౌస్ జంప్ అవుతోంది.' అతను రాస్తే ఎవరూ నవ్వలేదు. దగ్గు కూడా వినబడలేదు. మా టెక్నీషియన్ రిజిస్టరు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ రోజు రికార్డుల సంగతి పక్కన పెట్టి ఇద్దరం మూడింటికే వెళ్ళి ఆ సీటు దగ్గర కూర్చున్నాం.

మూడున్నరకు తూర్పు కిటికీలోంచి ఎండ వచ్చింది. మధ్యాహ్నం పూట తూర్పు నుంచి ఎండేమిటని తల తిప్పి చూస్తే, ఎదుటి అద్దాల బిల్డింగులో సూర్యుడు ఉన్నాడు. అక్కణ్ణుంచి జారిన చారెడు ఎండ సరిగ్గా మౌస్ మీద పడింది. ఆ కాలం మౌస్‌లో బంతి తిరిగితే రెండు చిన్న చక్రాలు తిరిగేవి. ఆ చక్రాలను లోపల ఒక చిన్న దీపమూ, దాని వెలుగును చూసే ఒక కన్నూ కనిపెట్టుకుని ఉండేవి. పల్చటి ప్లాస్టిక్కులోంచి బయటి ఎండ దూరితే ఆ కన్ను చెదిరిపోతుంది. అంతే. మబ్బు పడితే రాదు. కొంగు కప్పితే రాదు.

మా టెక్నీషియన్ తన చేతిరుమాలు తీసి దాని మీద కప్పాడు. బాణం బుద్ధిగా కదిలింది. అతను నా ముఖం చూడకుండా, "పాపం గామె మొత్తం చెప్పింది గదన్నా. మనమే ఇనలే. ఊకెనే పరేషాన్ చేసినం" అన్నాడు.

మేనేజర్ దగ్గరికి పరుగెత్తాను. ఆయన అంతా విని, పెన్ను మూత పెట్టి, "ఆ రోజు సాయంత్రం మిమ్మల్ని అడిగాను కదండీ. క్లయింట్‌కి లెటర్ వెళ్ళిపోయింది. ఇప్పుడు ఫాల్ట్ మనదే అంటే కాంట్రాక్టే పోతుంది" అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టయింది. నేను ఇంకా గట్టిగా అడగొచ్చు, నా ఉద్యోగం పణంగా పెట్టొచ్చు. పెట్టలేదు. కిటికీకి నల్ల కాగితం అంటించి వచ్చాను.

ఇంతటితో ఆగినా బాగుండేది. ఆ వారంలోనే ఆ సైటులో ఇంకో కథ రాశాను. మౌస్ జబ్బూ, అద్దాల బిల్డింగూ, మూడున్నర ఎండా, నా పరిశోధన. అందులో ఆవిడ లేరు. మబ్బు సంగతి గమనించింది నేనే, గుడ్డ కప్పి చూసింది నేనే. మొదటిదాని కన్నా ఎక్కువ మెచ్చుకున్నారు. మేధావి అన్నారు. మా అపార్ట్‌మెంట్ గ్రూపులోకి పోయిన నెల వచ్చింది దాని మనవడే.

రెండేళ్ళ తర్వాత ఒక మధ్యాహ్నం రెజిమెంటల్ బజార్‌కు మా టెక్నీషియన్ ఇంటికి వెళ్తూ, జాబ్ టైపింగ్ చేసే ఒక చిన్న కొట్లో ఆవిడను చూశాను. పాత కంప్యూటర్ ఒకటి, ప్రింటరు ఒకటి, బెంచీ మీద దరఖాస్తులు పట్టుకుని కూర్చున్న ఇద్దరు. తిరిగి వెళ్ళిపోదామనుకున్నాను. ఆవిడే చూసి, "రండి సార్, రండి. ఏటి ఇలగొచ్చేరు?" అన్నారు.

గుమ్మంలోనే నిలబడి గబగబా చెప్పేశాను. అద్దాల బిల్డింగు, ఎండ, లోపల దీపం. మీ మౌస్‌లో లోపం ఉందండీ, మీరు చెప్పిందంతా నిజమేనండీ అని.

"నాకు తెలుసు కదండీ" అన్నారావిడ, టైపు చేస్తూనే. "నేను రాసిచ్చేను కదా."

ఆ జోకు రాసింది కూడా నేనేనని చెప్పాను. ఆవిడ వేళ్ళు ఆగాయి.

"అదీ అప్పుడే తెలుసండి. మీరు అవునంటారేమో అని అడిగేను." కాగితం సర్దుకుంటూ మళ్ళీ అన్నారు. "ఉద్యోగం పోనాది, సరే, ఇదిగో ఇంకోటి దొరికింది. పిల్ల ఓ ఏడాది చదువు ఆపీసి, మళ్ళీ కట్టింది. అవన్నీ పరవాలేదు. ఆ జోకు దాని కాలేజీకి కూడా వచ్చిందండి. ఎవరో ఇస్తే ఇంటికి తెచ్చి, అన్నాల దగ్గర చదివి వినిపించింది. పడీ పడీ నవ్వింది. వాళ్ళ నాన్నా నవ్వేరు. నేనూ నవ్వేను. అది నేనేనని చెప్పలేదు. ఇప్పటికీ చెప్పలేదు."

నాకు ఏడుపొచ్చింది. ఏడిస్తే ఆవిడే నన్ను ఓదార్చాల్సి వస్తుందని ఆపుకున్నాను. ఆ సైటులో నిజం రాస్తాను, కనిపెట్టింది మీరేనని మీ పేరుతో రాస్తాను అన్నాను.

"వద్దు బాబూ. పేరు రాస్తే పిల్లకి తెలుస్తాది" అన్నారు.

అందుకే ఇన్నేళ్ళూ రాయలేదు. ఇప్పుడూ పేరు రాయడం లేదు. ఆవిడ వద్దన్నారని ఒక సాకు దొరికింది, దాని చాటున హాయిగా దాక్కున్నానేమో కూడా. పేరు లేకుండా నిజం రాయొచ్చని తెలియడానికి రిటైరయ్యేదాకా పట్టింది.

బెంచీ మీద పెద్దమనిషి, "అమ్మా, జెర జల్దీ చెయ్యమ్మా, ఆఫీసు బందైతది" అన్నాడు. నేను సెలవు తీసుకుని గుమ్మంలోంచి పక్కకు జరిగాను. పడమటి గుమ్మం అది. నా వెనక ఆగి ఉన్న ఎండ ఒక్కసారిగా లోపలికి వెళ్ళి ఆవిడ బల్ల మీద పడింది. ఆవిడ చెయ్యి అలవాటుగా కొంగు కోసం వెళ్ళింది. అంతలో తలెత్తి నన్ను చూశారు.

"సార్, ఓ రెండు నిముషాలు అక్కడే నిలబడతారేటి? మీరుంటే ఎండ ఆగుతాది."

వెనక్కి జరిగి గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను. నా నీడ వెళ్ళి ఆ మౌస్ మీద పడింది. దరఖాస్తు పూర్తయి ప్రింటరులోంచి బయటికి వచ్చేదాకా కదల్లేదు. ఆవిడ ఫిర్యాదుకు నేను చేసిన మరమ్మతు అదొక్కటే.